అమోనియా గుర్తింపులో పాలిమర్ పూత కార్బన్ నానోట్యూబులు

గాలిలోని అమోనియాను విద్యుత్ సంకేతంగా మార్చి చూపే సెన్సర్లలో ఒక తరగతి, కార్బన్ నానోట్యూబుల మీద పాలిమర్‌ను పూతగా వేసో, రసాయన బంధంతో అతికించో తయారయ్యేది. ఇవి గది ఉష్ణోగ్రత దగ్గరే పనిచేస్తాయి. చాలా తక్కువ కరెంటు తీసుకుంటాయి. గోరంత జాగాలో ఇమిడిపోతాయి. 2000 ప్రాంతంలో ఈ పరిశోధన మొదలైనప్పుడు ఉత్సాహమంతా నానోట్యూబు ఎంత కొద్దిపాటి వాయువుకు స్పందిస్తుందన్న దాని చుట్టూనే తిరిగింది. చిక్కు మాత్రం మరోచోట తేలింది. ఏ వాయువుకు స్పందించాలో, స్పందించాక ఆ అణువును ఎప్పుడు వదిలిపెట్టాలో నానోట్యూబుకు తెలియదు. పాలిమర్ అవసరం పడింది ఆ రెండు పనులకే.

అమోనియాను కొలవాల్సిన చోట్లు

అమోనియా రంగులేని, ఘాటైన వాసన గల వాయువు. గాలికంటే తేలిక, నీటిలో విపరీతంగా కరుగుతుంది, క్షార స్వభావం కలది. ఫ్రిట్జ్ హాబర్ 1909లో ప్రయోగశాలలో చూపించిన తయారీ పద్ధతిని కార్ల్ బాష్ 1913లో జర్మనీలోని ఒపావు కర్మాగారంలో భారీ ఉత్పత్తికి ఎక్కించాడు. ఎరువుల పరిశ్రమ అప్పటినుంచీ దాని మీదే నిలబడి ఉంది. తెలంగాణలోని రామగుండం ఎరువుల కర్మాగారాన్ని రోజుకు 2,200 టన్నుల అమోనియా, దానితో 3,850 టన్నుల యూరియా తీసే సామర్థ్యంతో కట్టారు. శీతలీకరణలోనూ అమోనియాది పెద్ద పీటే. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో, కోస్తా జిల్లాల రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో గొట్టాల వెంట తిరిగేది చాలాచోట్ల ఇదే. కోళ్ల షెడ్లలో దీన్ని ఎవరూ తీసుకురానక్కర్లేదు, రెట్ట నుంచి దానంతట అదే పుడుతుంది.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం పనివేళ మొత్తానికి సగటున 25 పీపీఎం, 15 నిమిషాల వ్యవధికి 35 పీపీఎం దాటకూడదు. పీపీఎం అంటే పది లక్షల భాగాల్లో ఒక భాగం. 300 పీపీఎంను ప్రాణానికి తక్షణ ప్రమాదం తెచ్చే స్థాయిగా లెక్కిస్తారు. వాసన పసిగట్టే స్థాయి మనిషిని బట్టి 5 నుంచి 50 పీపీఎం దాకా మారుతుంది. పైగా రోజూ ఆ గాలిలోనే పనిచేసేవారి ముక్కు దానికి అలవాటుపడిపోతుంది. ముక్కును నమ్ముకుని భద్రత చూసుకోలేమనడానికి ఇదే కారణం.

ఇప్పుడు వాడుకలో ఉన్న సెన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. టిన్ ఆక్సైడ్ వంటి లోహ ఆక్సైడ్ సెన్సర్లను 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిగా ఉంచాలి. ఆ వేడికి కరెంటు ఖర్చవుతుంది, ఆల్కహాల్ ఆవిరి తగిలినా అవి మోగుతాయి. రెండోది విద్యుద్రసాయన సెల్. కచ్చితత్వం బాగుంటుంది గానీ లోపలి రసాయనం వాడకంతో అరిగిపోతుంది, కొన్నేళ్లకు సెల్ మార్చుకోవాలి. నానోట్యూబు సెన్సర్లు చోటు సంపాదించాలని చూస్తున్నది ఈ రెండింటి మధ్య ఖాళీలో.

తొలి ప్రయోగం, దాని వెనుక వివాదం

జపాన్‌లోని ఎన్ఈసీ సంస్థలో సుమియో ఇజిమా 1991లో వర్ణించిన కార్బన్ నానోట్యూబులు అనేక గోడలున్నవి. ఒకే గోడ ఉన్న ట్యూబులను 1993లో ఇజిమా బృందమూ, ఐబీఎం బృందమూ వేర్వేరుగా ప్రకటించాయి. తేనెపట్టు అల్లికలా ఉన్న కార్బన్ రేకును గొట్టంగా చుట్టినట్టుండే ఈ ట్యూబుల వ్యాసం ఒకటి రెండు నానోమీటర్లు. ఒకే గోడ కనుక ప్రతి కార్బన్ పరమాణువూ ఉపరితలం మీదే ఉంటుంది. బయట ఒక అణువు వచ్చి ఆనినా లోపలి విద్యుత్ ప్రవాహానికి తెలిసిపోతుంది. రేకు చుట్టుకున్న తీరును బట్టి మూడింట ఒక వంతు ట్యూబులు లోహంలా, మిగిలినవి అర్ధవాహకాల్లా ప్రవర్తిస్తాయి. గాలిలోని ఆక్సిజన్ ప్రభావంతో ఈ అర్ధవాహక ట్యూబులు సాధారణంగా పీ రకానికి చెందుతాయి, అంటే వాటిలో కరెంటును మోసేవి ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు. వీటికే హోల్స్ అని పేరు.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హాంగ్‌జీ దాయ్ బృందం 2000 జనవరిలో సైన్స్ పత్రికలో ప్రచురించిన ప్రయోగం ఈ రంగానికి పునాది. ఒకే ఒక్క అర్ధవాహక ట్యూబును రెండు లోహ ఎలక్ట్రోడ్ల మధ్య అమర్చి దాని మీదికి వాయువులు వదిలారు. నైట్రోజన్ డయాక్సైడ్ తగిలితే వాహకత ఎన్నో రెట్లు పెరిగింది. 1 శాతం అమోనియా తగిలితే దాదాపు వందో వంతుకు పడిపోయింది. వివరణ సూటిగా ఉంది: అమోనియా తన దగ్గరున్న ఎలక్ట్రాన్ జంటలోంచి కొంత ట్యూబుకు ఇస్తుంది, ఆ ఎలక్ట్రాన్లు హోల్స్‌ను పూడుస్తాయి, దారి మూసుకుపోతుంది.

ఈ ఫలితాన్ని చెప్పుకునేటప్పుడు 1 శాతం అంటే ఎంతో చాలామంది పట్టించుకోరు. అది 10,000 పీపీఎం, పైన చెప్పిన పనివేళ పరిమితికి 400 రెట్లు. మరో సంగతి, వాయువు సరఫరా ఆపాక ట్యూబు గది ఉష్ణోగ్రత దగ్గర చాలా నెమ్మదిగా మామూలు స్థితికి వచ్చింది. త్వరగా రావాలంటే వేడి చేయాల్సిందే. వేడి చేయాల్సి వస్తే లోహ ఆక్సైడ్ సెన్సర్ మీద దీనికున్న ఆధిక్యం సగం పోయినట్టే.

సిద్ధాంతంలోనూ ఒక ముడి ఉంది. ఏ లోపమూ లేని ట్యూబు గోడకు అమోనియా చాలా బలహీనంగా అంటుకుంటుందని, ఇచ్చే ఆవేశం కూడా ఎలక్ట్రాన్‌లో కొన్ని వందో వంతులే అని క్వాంటం లెక్కలు చెప్పాయి. మరి అంత పెద్ద మార్పు ఎలా వచ్చింది? 2009లో సింగపూర్‌లోని నాన్‌యాంగ్ సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధకులు ట్యూబు మధ్యభాగాన్నీ, లోహంతో కలిసే అంచులనూ విడివిడిగా కప్పి చూశారు. గది ఉష్ణోగ్రత నుంచి 150 డిగ్రీల దాకా స్పందన ప్రధానంగా అంచుల్లోంచే వస్తోందని తేల్చారు. లోహానికీ ట్యూబుకీ మధ్యనున్న షాట్కీ అడ్డుగోడ ఎత్తును అమోనియా మారుస్తోందన్నమాట. ట్యూబు గోడలోని లోపాలు, ముందే అతుక్కున్న ఆక్సిజన్, తేమ కూడా పాత్రధారులేనని ఇతర పరిశోధనలు చెబుతాయి. ఈ చర్చ పూర్తిగా ముగియలేదు. పాలిమర్ పూత వేశాక మాత్రం దాని తీవ్రత తగ్గుతుంది, ఎందుకంటే అప్పుడు అమోనియా ముందుగా మాట్లాడేది పాలిమర్‌తో.

పట్టు, వడపోత, విడుపు

అణువు ఉపరితలాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటే అంత తక్కువ గాఢతలోనూ దొరుకుతుంది, అంత ఆలస్యంగానూ వదులుతుంది. గది ఉష్ణోగ్రత దగ్గర బంధ శక్తి 0.06 ఎలక్ట్రాన్ వోల్ట్ పెరిగిన ప్రతిసారీ అణువు అక్కడ గడిపే సమయం సుమారు పది రెట్లవుతుంది. కాబట్టి సున్నితత్వం ఒక్కటే పెంచుకుంటూ పోతే సెన్సర్ ఒకసారికే పనికొచ్చే పరీక్ష పట్టీ అవుతుంది. వాయువు తగిలినప్పుడు పట్టుకుని, గాలి శుభ్రపడగానే వదిలేసే మధ్యస్థ బలమే కావాలి. ఆమ్ల-క్షార చర్య ఆ బలాన్ని సరిగ్గా అందిస్తుంది. అమోనియా క్షారం గనుక, ప్రోటాన్‌ను ఇచ్చే గుణమున్న పాలిమర్ దానికి తగిన జోడు.

పాలిమర్ ఎంపిక సెన్సర్ స్వభావాన్ని ఎంతగా మారుస్తుందో 2003లో దాయ్ బృందమే మరో పరిశోధనలో చూపింది. ఒకే రకం ట్యూబుల మీద రెండు వేర్వేరు పాలిమర్లు పూశారు. అమీన్ సమూహాలతో నిండిన పాలీఇథిలీన్‌ఇమీన్ పూసినప్పుడు, అది ట్యూబుకు ఎలక్ట్రాన్లు ఇచ్చి దాన్ని పీ రకం నుంచి ఎన్ రకానికి, అంటే ఎలక్ట్రాన్లే కరెంటును మోసే రకానికి, మార్చింది. నైట్రోజన్ డయాక్సైడ్‌ను 1 పీపీబీ కన్నా తక్కువలో కూడా పట్టింది. పీపీబీ అంటే వంద కోట్ల భాగాల్లో ఒకటి. అమోనియా వస్తే మాత్రం ఉలకలేదు పలకలేదు. అప్పటికే క్షారంతో నిండిన పూతకు మరో క్షారంతో పనేముంది? నాఫియాన్ పూసినప్పుడు కథ తిరగబడింది. సల్ఫోనిక్ ఆమ్ల సమూహాలున్న ఆ ఫ్లోరిన్ పాలిమర్ అమోనియాను లోపలికి రానిచ్చి, నైట్రోజన్ డయాక్సైడ్‌ను అడ్డుకుంది. అడుగున ఉన్న ట్యూబులు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకే రకానివి.

పాలీఅనిలిన్

ఈ రంగంలో ఎక్కువ పేరు తెచ్చుకున్న పాలిమర్ ఇదే. విద్యుత్ వాహక పాలిమర్ల పరిశోధనకు 2000లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరైన ఆలన్ మెక్‌డయార్మిడ్ దీని మీద ఎంతో కృషి చేశాడు. పాలీఅనిలిన్ ఎమరాల్డిన్ రూపానికి ఆమ్లం తగిలితే గొలుసులోని నైట్రోజన్లు ప్రోటాన్లను తీసుకుని ఆకుపచ్చ వాహకంగా మారతాయి. క్షారం తగిలితే ప్రోటాన్లు పోయి అది నీలం రంగు బంధకం అవుతుంది. రెండు రూపాల వాహకతల మధ్య తేడా ఎన్నో దశాంశ స్థానాలది. అమోనియా చేసేది సరిగ్గా ఇదే. పాలిమర్ నుంచి ప్రోటాన్‌ను లాక్కుని అమ్మోనియం అయాన్ అవుతుంది, నిరోధం పెరుగుతుంది. గాలి శుభ్రపడితే అమ్మోనియం విడిపోయి అమోనియా ఎగిరిపోతుంది, ప్రోటాన్ గొలుసుకు తిరిగొస్తుంది. పీ రకం నానోట్యూబు నిరోధం కూడా అమోనియాతో పెరిగేదే గనుక రెండు స్పందనలూ ఒకే దిశలో కూడతాయి, ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

పాలీఅనిలిన్ ఒంటరిగానే ఇంత చేయగలిగితే నానోట్యూబు ఎందుకన్న ప్రశ్న సహజం. చాలా పరిశోధన పత్రాలు దీన్ని దాటేసి పోతాయి. జవాబు కొంత విద్యుత్‌కు, కొంత ఆకారానికి సంబంధించినది. అమోనియా తగిలిన కొద్దీ పాలిమర్ బంధకంగా మారిపోతే కొలవడానికి కరెంటే మిగలదు. ట్యూబుల వల అడుగున ఉంటే నిరోధం తేలికగా కొలవదగ్గ పరిధిలోనే ఉంటుంది. పలుచని పాలిమర్ తొడుగు వేలాది ట్యూబుల మీద పరుచుకుంటుంది కాబట్టి వాయువు లోతుకు ఇంకాల్సిన పనిలేదు, స్పందన వేగం పెరుగుతుంది. అయితే ట్యూబుల పాలు మరీ ఎక్కువైతే మొదటికే మోసం. అవి ఒకదానికొకటి తగులుకుని పాలిమర్‌తో నిమిత్తం లేని దారి ఏర్పరుస్తాయి, కరెంటంతా ఆ దారినే పోతుంది, పాలిమర్‌లో వచ్చిన మార్పు బయటికి కనిపించదు. కాబట్టి ఈ మిశ్రమంలో ట్యూబుల మోతాదును ప్రయోగం చేసి నిర్ణయించుకోవాల్సిందే.

పూత వేసే పద్ధతులు

మామూలు పద్ధతి ఇలా ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో నానోట్యూబులను శబ్ద తరంగాలతో విడదీసి, అందులో అనిలిన్ కలిపి, పాత్రను మంచులో పెట్టి, అమ్మోనియం పర్‌సల్ఫేట్ ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తారు. ద్రవం నీలం తిరిగి, క్రమంగా ముదురు ఆకుపచ్చకు వస్తుంది. అనిలిన్ వలయాలు ట్యూబు గోడ మీద అంటిపెట్టుకునే స్వభావం గలవి కనుక పాలిమర్ చాలావరకు ట్యూబు చుట్టూనే పెరుగుతుంది. ఆ తర్వాత కడగడం ముఖ్యం. ఈ చర్యలో వాడే ఆక్సీకారిణి తన వెనక అమ్మోనియం లవణాలను వదిలిపెడుతుంది. అమోనియాను కొలవబోయే పదార్థంలో ముందే అమ్మోనియం దిగబడి ఉండటం ఎవరూ కోరుకోరు.

విద్యుత్‌తో పూత పెంచడం దీనికన్నా పొందికైన పని. ముందే ఎలక్ట్రోడ్ల మధ్య పరిచిన ట్యూబుల వలను అనిలిన్ ద్రావణంలో ముంచి వోల్టేజీ ఇస్తే, కరెంటు పారే ట్యూబుల మీదే పాలిమర్ మొలుస్తుంది, చుట్టూ ఉన్న సిలికాన్ మీద కాదు. ఎంత ఆవేశం పారిందో లెక్కపెట్టి తొడుగు మందాన్ని అదుపు చేయవచ్చు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రివర్‌సైడ్ ప్రాంగణంలో ఈ పద్ధతితో చేసిన సెన్సర్ 50 పీపీబీ దాకా అమోనియాను గుర్తించినట్టు 2006లో ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు అదే ప్రాంగణం నుంచి మరో దారి వెలువడింది. పాలీఅమైనోబెంజీన్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ట్యూబుకు నేరుగా రసాయన బంధంతో అతికించారు. ఆ సెన్సర్ 5 పీపీఎం దగ్గర స్పందించింది. బంధంతో అతికిస్తే పూత ఊడిపోదు. కానీ బంధం పడిన ప్రతిచోటా ట్యూబు గోడ అల్లిక చెదిరి వాహకత కొంత దెబ్బతింటుంది. చుట్టుకున్న పూతలో ఆ నష్టం లేదు, ఊడిపోయే భయం ఉంది.

పాలీపైరోల్, పెడాట్ అనే వాహక పాలిమర్లు కూడా వాడుకలో ఉన్నాయి. స్పందించే తీరు మోటుగా చూస్తే ఇదే కోవ, పాలీఅనిలిన్‌లోలా ప్రోటాన్ రాకపోకలు మాత్రం అంత స్పష్టంగా ఉండవు. కరెంటును మోయని పాలిమర్లలో ట్యూబులను కలిపితే పాలిమర్ ఆవిరిని పీల్చి ఉబ్బి ట్యూబుల మధ్య దూరం పెంచుతుంది. కర్బన ద్రావకాల ఆవిరికి అది బాగా పనిచేస్తుంది గానీ అమోనియా విషయంలో ఉబ్బడం చిన్న సంగతి.

తేమ, తోటి వాయువులు, కాలం

ప్రయోగశాలలో ఈ సెన్సర్లను ఎక్కువగా పొడి నైట్రోజన్‌లోనో, సిలిండర్‌లోని పొడి గాలిలోనో పరీక్షిస్తారు. కోస్తాలో వానాకాలపు గాలి అలా ఉండదు. నీటి అణువులు ట్యూబు ప్రవర్తనను మారుస్తాయి, పాలిమర్‌ను ఉబ్బిస్తాయి, అమోనియాను తమలో కరిగించుకుంటాయి. పాలీఅనిలిన్‌లో ప్రోటాన్ల కదలికకు కొంత తేమ సాయపడుతుంది కూడా. అందుకే పొడి గాలిలో గీసిన అమరిక రేఖ తడి గాలిలో తప్పు చెబుతుంది. పక్కన తేమ సెన్సర్ పెట్టి లెక్కతో సరిచేయడం, నీటిని వికర్షించే పొర కప్పడం, వేర్వేరు పాలిమర్లు పూసిన నాలుగైదు సెన్సర్ల స్పందనల నమూనాను కలిపి చదవడం ఇప్పుడు అనుసరిస్తున్న ఉపాయాలు.

రెండో చిక్కు పోలికది. పాలీఅనిలిన్‌కు అమోనియా అంటే ఒక క్షారం, అంతే. ట్రైమిథైల్‌అమీన్, డైమిథైల్‌అమీన్ వంటివి వచ్చినా అదే విధంగా ప్రోటాన్‌ను వదులుతుంది. ఎరువుల కర్మాగారంలో ఇది పెద్ద ఇబ్బంది కాకపోవచ్చు. చేపలు, రొయ్యలు పాడవుతున్నాయో లేదో చూడాలనుకునేవారికి మాత్రం ఈ లోపమే వరం. కుళ్లుతున్న చేప అమోనియానూ అమీన్లనూ కలిపే వదులుతుంది, వాటి మొత్తాన్నే తాజాదనానికి కొలతగా తీసుకుంటారు.

మూడోది కాలం తెచ్చేది. పాలిమర్‌కు ఆమ్లంగా ఇచ్చిన హైడ్రోజన్ క్లోరైడ్ నెమ్మదిగా ఆవిరైపోతుంది, ఆధార రేఖ రోజురోజుకూ జరుగుతుంది. కర్పూర సల్ఫోనిక్ ఆమ్లం వంటి పెద్ద అణువులను వాడితే అవి అంత తేలికగా ఎగిరిపోవు.

ఈ రంగపు పత్రాల్లో అంకెలను చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. గుర్తింపు పరిమితిగా రాసే అతి చిన్న సంఖ్య అనేకసార్లు కొలిచినది కాదు. ఎక్కువ గాఢతలో గీసిన రేఖ వాలును, సంకేతంలోని రొదకు మూడింతలను తీసుకుని లెక్కగట్టినది. స్పందనను ఒకరు నిరోధంలో శాతం మార్పుగా, ఇంకొకరు రెండు నిరోధాల నిష్పత్తిగా రాస్తారు. వేర్వేరు పత్రాల సంఖ్యలను ఒకే పట్టికలో పెట్టి ఏది గొప్పదో తేల్చే సమీక్షలను ఈ కారణంగా నేరుగా నమ్మలేం.

ఉపకరణాల రూపాలు

దువ్వెన పళ్లలా ఒకదానిలో ఒకటి దూరిన రెండు ఎలక్ట్రోడ్ల మీద మిశ్రమాన్ని చుక్క వేసి ఆరబెట్టడం అందరికీ అందుబాటులో ఉన్న అమరిక. ట్రాన్సిస్టర్‌గా అమరిస్తే గేట్ వోల్టేజీతో అదనపు సమాచారం దొరుకుతుంది, ఖర్చు పెరుగుతుంది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో తిమొతి స్వాగర్ బృందం 2012లో నానోట్యూబులను పెన్సిల్ ములుకులా ఒత్తి, దానితో కాగితం మీద గీత గీసి అమోనియాకు స్పందించే సెన్సర్ చేసింది. 2014లో అదే బృందం మార్కెట్లో దొరికే ఎన్ఎఫ్‌సీ ట్యాగ్ సర్క్యూట్‌ను ఒకచోట తెంపి, ఆ ఖాళీని నానోట్యూబు మిశ్రమంతో పూరించింది. అమోనియా వంటి వాయువు తగిలితే నిరోధం మారి, స్మార్ట్‌ఫోన్ ఆ ట్యాగ్‌ను చదవగలగడమో చదవలేకపోవడమో జరుగుతుంది. ట్యాగ్‌కు బ్యాటరీ అక్కర్లేదు. ఈ రెండింటిలోనూ ఎంపిక పని పాలిమర్‌కు అప్పగించలేదు గానీ పాలిమర్ మిశ్రమాలకూ ఈ రూపాలు అలాగే పనికొస్తాయి.

తయారీలో భద్రత ఒక ప్రత్యేక అంశం. గాలిలో ఎగిరే నానోట్యూబుల ధూళి ఊపిరితిత్తులకు చేటని జంతువుల మీద జరిపిన పరీక్షలు చూపాయి. నియోష్ 2013లో వీటికి ఘనపు మీటరుకు 1 మైక్రోగ్రామును పనివేళ పరిమితిగా సిఫారసు చేసింది. పాలిమర్‌లో చిక్కుకున్న ట్యూబుకు ఎగిరే అవకాశం తక్కువ. పొడిని తూచి ద్రవంలో కలిపే దశే జాగ్రత్త పడాల్సింది.

ఊపిరి పరీక్ష

కిడ్నీ పనితీరు తగ్గినవారి రక్తంలో యూరియా పెరుగుతుంది, దానితోపాటు ఊపిరిలో అమోనియా కూడా. ఆరోగ్యవంతుల్లో ఇది సాధారణంగా కొన్ని వందల పీపీబీ నుంచి ఒకటి రెండు పీపీఎం మధ్య ఉంటుంది. డయాలసిస్‌కు ముందు, తర్వాత తేడాను సూది లేకుండా చూడగలిగితే మేలన్న ఆశతో పాలిమర్ పూత నానోట్యూబులను ఈ వైపు మళ్లిస్తున్నారు. సున్నితత్వం పరంగా ఇది అందే దూరంలోనే ఉంది. అయితే ఊపిరి శరీర ఉష్ణోగ్రత దగ్గర నీటి ఆవిరితో నిండిపోయి ఉంటుంది, పైగా అందులో నాలుగైదు శాతం కార్బన్ డయాక్సైడ్. సెన్సర్‌కు ఇంతకన్నా కష్టమైన గాలి అరుదు. ఇంకో తిరకాసు శరీరంలోనే ఉంది. నోటి ద్వారా వదిలే గాలిలోని అమోనియాలో ఎక్కువ భాగం రక్తం నుంచి రాదు, లాలాజలంలోని యూరియాను నోటి బాక్టీరియా విడగొట్టడం వల్ల పుడుతుంది. ముక్కు ద్వారా వదిలిన గాలిని పట్టి కొలిస్తే అంకె బాగా తగ్గుతుంది. ఆమ్ల గుణమున్న ద్రవంతో నోరు పుక్కిలిస్తే నోటి గాలిలోనూ తగ్గుతుంది.